స్వీయగాయ అధ్యయన సంఘం: సభ్యత్వం, సాక్ష్యం, బాధ్యత

చనిపోవాలన్న ఉద్దేశం లేకుండా తమ శరీరాన్ని తామే గాయపరచుకునేవారి బాధను శాస్త్రీయంగా అర్థం చేసుకోవడానికీ, వారికి మెరుగైన సంరక్షణ అందేలా చూడడానికీ పనిచేసే వృత్తి సంఘాలు వైద్యచరిత్రలో చాలా ఆలస్యంగా వచ్చాయి. వాటిలో ప్రధానమైనది 2006లో ఏర్పడిన అంతర్జాతీయ స్వీయగాయ అధ్యయన సంఘం. ఇంగ్లిషు పొడి అక్షరాల్లో దీన్ని ఐ.ఎస్.ఎస్.ఎస్. అంటారు. పరిశోధకులు, మానసిక వైద్యులు, మనస్తత్వ నిపుణులు, కౌన్సెలర్లు, విద్యార్థులు ఏటా ఒకచోట కలిసి, తాము తెలుసుకున్నదాన్ని ఒకరి ముందు ఒకరు పెట్టి పరీక్షించుకునే వేదిక ఇది. ఇలాంటి సంఘంలో చేరడాన్ని పేరు పక్కన రాసుకునే హోదాగా చూస్తే దాని విలువ స్వల్పం. తన కొలతలనూ, తన మాటతీరునూ, తన చికిత్సనూ ఇతరుల పరీక్షకు అప్పగించడానికి ఒప్పుకోవడమే సభ్యత్వానికి అసలు అర్థమని ఈ రంగం చరిత్ర చూస్తే తెలుస్తుంది.

ఎవరి పరిధిలోనూ ఇమడని సమస్య

గుండెజబ్బుకు గుండె వైద్యుడున్నాడు, కంటికి కంటి వైద్యుడున్నాడు. స్వీయగాయానికి అలాంటి సొంతదారు లేడు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు గాయానికి కుట్లు వేసి పంపిస్తాడు. మానసిక వైద్యుడు ఏ రుగ్మత కింద రాయాలా అని చూస్తాడు. బడిలో టీచరు తల్లిదండ్రులకు కబురు పెడుతుంది. ఇంట్లోవాళ్లు పరువు గురించి దిగులుపడి మాట బయటకు పొక్కకుండా చూసుకుంటారు. ప్రతి ఒక్కరూ తమ వంతు పని చేస్తారు గానీ, ఆ మనిషి కథ మొత్తం ఏ ఒక్కరి దగ్గరా ఉండదు. వైద్యం, మనస్తత్వశాస్త్రం, విద్య, సామాజిక సేవ అనే నాలుగు శాఖలనూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టే సంఘం అవసరమైంది ఈ కారణంగానే.

ఈ అవసరాన్ని గుర్తించడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. అమెరికా మానసిక వైద్యుడు కార్ల్ మెనింజర్ 1938లో ప్రచురించిన ‘మాన్ ఎగెనెస్ట్ హిమ్‌సెల్ఫ్’ గ్రంథంలో, తనను తాను గాయపరచుకోవడం ఒక రకంగా ఆత్మహత్యను తప్పించుకునే ప్రయత్నం కావచ్చునని వాదించాడు. ఆయన ఆధారపడింది మనోవిశ్లేషణ మీద. గణాంకాలు ఆయన దగ్గర లేవు. అయినా రెండు చర్యల మధ్య తేడా ఉందన్న ఆలోచనకు అక్కడ బీజం పడింది. ఆ తరవాత దశాబ్దాల పాటు వైద్యులు స్వీయగాయాన్ని బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అనే వ్యక్తిత్వ రుగ్మతకు ఒక లక్షణంగా మాత్రమే చూశారు. 1980లో వెలువడిన అమెరికన్ మానసిక రుగ్మతల సూచిక మూడో ముద్రణ దాన్ని అక్కడే ఉంచింది. 1987లో ఆర్మాండో ఫవాజా ‘బాడీస్ అండర్ సీజ్’ అనే గ్రంథంలో సంస్కృతి, మతాచారం, రోగం అనే మూడు కోణాల నుంచీ విషయాన్ని పరిశీలించి, ఇది స్వతంత్రంగా అధ్యయనం చేయాల్సిన అంశమని నిలబెట్టాడు. చివరికి 2013లో అదే సూచిక అయిదో ముద్రణ, ఆత్మహత్యోద్దేశం లేని స్వీయగాయాన్ని ఇంకా అధ్యయనం జరగాల్సిన స్థితుల జాబితాలో ప్రత్యేకంగా చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ పదకొండో ముద్రణలోనూ ఇది ఒక లక్షణంగా విడిగా నమోదైంది. అంటే సంఘం పుట్టేనాటికి ఈ సమస్యకు అధికారిక సూచికలో సొంత చోటు లేదు. అది దక్కడానికి కావలసిన సాక్ష్యాన్ని పోగుచేసినవారిలో చాలామంది ఈ వేదికల మీద కలుసుకున్న పరిశోధకులే.

ఒకే నిర్వచనం, ఒకే కొలత

సంఘం చేసిన తొలి పనుల్లో ముఖ్యమైనది నిర్వచనం. చనిపోవాలన్న ఉద్దేశం లేకుండా, సమాజమూ సంస్కృతీ ఆమోదించిన ప్రయోజనం కోసం కాకుండా, తెలిసి తెలిసి తన శరీర కణజాలానికి నేరుగా హాని చేసుకోవడమే స్వీయగాయమని అది స్థూలంగా చెబుతుంది. ఇందులో ప్రతి షరతుకూ పని ఉంది. సంస్కృతి ఆమోదం అన్న షరతు వల్ల చెవులు కుట్టించుకోవడం, పచ్చబొట్టు పొడిపించుకోవడం, మొహర్రం మాతం వంటివి దీని పరిధిలోకి రావు. నేరుగా అన్న షరతు వల్ల తాగుడు, తిండి మానేయడం వంటి నెమ్మదైన హానులు పక్కకు తప్పుకుంటాయి. ఉద్దేశం అన్న షరతు వల్ల ఆత్మహత్యాయత్నాన్ని వేరుగా లెక్కించడం వీలవుతుంది.

ఇది పండితుల తర్కంగా కనిపించవచ్చు గానీ, దీని ప్రభావం అంకెల్లో తెలుస్తుంది. జెన్నిఫర్ ముయెలెన్‌క్యాంప్, ఆమె సహచరులు 2005–2011 మధ్య వెలువడిన అధ్యయనాలను కలిపి చూసి 2012లో ఒక సమీక్ష ప్రచురించారు. కౌమారంలో ఉన్నవారిలో ఎప్పుడైనా ఇలా చేసుకున్నవారి సగటు, సంకుచిత నిర్వచనం వాడిన అధ్యయనాల్లో 18.0 శాతం, ఉద్దేశంతో నిమిత్తం లేకుండా లెక్కించే విశాల నిర్వచనం వాడినవాటిలో 16.1 శాతం వచ్చింది. విశాలమైన వలకు ఎక్కువ చిక్కాలి. ఇక్కడ మాత్రం ఎక్కువ చిక్కలేదు. ప్రశ్న అడిగే తీరు దీనికి ఒక కారణం కావచ్చు. ‘మీరు ఎప్పుడైనా మిమ్మల్ని గాయపరచుకున్నారా’ అని ఒకే ప్రశ్న వేస్తే చాలామంది లేదంటారు. విడివిడి ప్రవర్తనలను పేర్కొంటూ జాబితాగా అడిగితే అదే వయసువాళ్లలో ఎక్కువమంది అవునంటారు. మొదటి ప్రశ్నకు జవాబిచ్చే పిల్లవాడు తన పని ఆ మాట కిందికి వస్తుందో రాదో తనే నిర్ణయించుకోవాలి. జాబితా ఆ భారాన్ని తప్పిస్తుంది. 2014లో సారా స్వానెల్, ఆమె సహచరులు చేసిన సమీకృత విశ్లేషణ దీన్ని మరింత తేటతెల్లం చేసింది. కౌమారంలో 17.2 శాతం, యువ వయస్కుల్లో 13.4 శాతం, పెద్దల్లో 5.5 శాతం అని తేల్చుతూనే, అధ్యయనాల మధ్య కనిపించే తేడాల్లో సగానికి పైగా పరిశోధన పద్ధతుల వల్లే వస్తున్నదని అది చూపింది. ఒక దేశంలో సమస్య పెరిగిందా, లేక ప్రశ్నాపత్రం మారిందా అన్నది తెలియకుండా విధానాలు తయారుచేస్తే డబ్బూ కాలమూ దండగవుతాయి. తన సొంత ప్రశ్నాపత్రంతో ఒంటరిగా పనిచేసే పరిశోధకుడికి ఈ లోపం కనబడదు. నలుగురి లెక్కల పక్కన తన లెక్క పెట్టినప్పుడే అది బయటపడుతుంది. సంఘంలో చేరడానికి ఇంతకన్నా గట్టి శాస్త్రీయ కారణం లేదు.

గాయం వెనక ఉన్న పని

ఎందుకు చేసుకుంటారు అన్న ప్రశ్నకు సమాజం దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు, అందరి దృష్టీ తనమీద పడాలని అన్నది. సాక్ష్యం దీన్ని సమర్థించదు. మాథ్యూ నాక్, మిచెల్ ప్రిన్‌స్టీన్ 2004లో ప్రతిపాదించిన నమూనా, ఈ ప్రవర్తన ఏ పని నెరవేరుస్తున్నదో అడగమంది. కొందరికి అది భరించలేని ఉద్వేగాన్ని తగ్గిస్తుంది. కొందరికి మొద్దుబారిన మనసులో ఏదో ఒక స్పర్శ కలిగిస్తుంది. కొందరికి ఇతరుల నుంచి సాయం తెస్తుంది, మరికొందరికి మోయలేని పరిస్థితి నుంచి తప్పుకునే దారి చూపుతుంది. డేవిడ్ క్లాన్‌స్కీ 2007 సమీక్షలో వీటన్నిటిలోకీ ఉద్వేగాన్ని అదుపు చేసుకోవడమన్న కారణానికే ఎక్కువ ఆధారాలు దొరికాయి. 2018లో పీటర్ టేలర్, ఆయన సహచరులు చేసిన సమీకృత విశ్లేషణలో ఉద్వేగ నియంత్రణను కారణంగా చెప్పినవారు 63 నుంచి 78 శాతం దాకా ఉన్నారు. తన బాధ ఇతరులకు తెలపడం వంటి సామాజిక కారణాలు 33 నుంచి 56 శాతం దగ్గరే ఆగాయి. చాలామంది గాయాలను దాచుకుంటారన్న వాస్తవంతో ఈ అంకెలు సరిపోతాయి. సాయం కోసమే చేసుకునేవారి విషయంలోనూ, మాటతో అడిగినప్పుడు దొరకని సాయం అది అని గుర్తుంచుకోవాలి.

కారణం అర్థమైతే చికిత్స మారుతుంది. ఉద్వేగాన్ని భరించే నైపుణ్యాలు నేర్పే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ మీద మార్షా లైనహన్ 1991లో తొలి నియంత్రిత పరీక్ష ఫలితాలు ప్రచురించింది. కౌమారంలో ఉన్నవారి మీద చేసిన పెద్ద పరీక్ష 2018లో వెలువడింది. మందులకన్నా ఈ తరహా మాటల చికిత్సకే ఈ సమస్యలో ఎక్కువ ఆధారం ఉంది. అయితే చికిత్స గదిలోకి రాకముందే చాలామంది వెనుదిరుగుతారు. బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ 2004లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, స్వీయగాయంతో వచ్చినవారికి కుట్లు వేసేటప్పుడు తగినంత మత్తు, నొప్పి నివారణ ఇవ్వాలని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. ఏ వైద్యవిద్యార్థికైనా తెలిసిన ఇంత చిన్న విషయాన్ని అధికారిక పత్రంలోకి ఎక్కించారంటే, తనకు తానే చేసుకున్నాడు కదా భరించనీ అన్న ధోరణి ఆసుపత్రుల్లో ఎంత పాతుకుపోయిందో ఊహించవచ్చు. అదే సంస్థ 2022 సెప్టెంబరులో సవరించిన మార్గదర్శకాల్లో మరో అడుగు ముందుకు వేసింది. భవిష్యత్తులో ఎవరు ఆత్మహత్యకు పాల్పడతారో ఊహించడానికి మార్కులు వేసే స్కేళ్లను వాడవద్దంది, శిక్షించే పద్ధతులను వద్దంది, ప్రతి ఒక్కరితో కూర్చుని వారి జీవితం, అవసరాలు, బలాలు అడిగి తెలుసుకోమంది. మార్కులు తక్కువ వచ్చాయని ఇంటికి పంపించడం సులువు. ఆ సులువుకు శాస్త్రీయమైన ఆధారం లేదని తేలింది.

బడుల విషయంలోనూ ఇలాంటి ఉమ్మడి కృషి జరిగింది. ఆస్ట్రేలియాకు చెందిన పెనెలపీ హాస్కింగ్, కెనడాకు చెందిన నాన్సీ హీత్, స్టీఫెన్ లూయిస్, మరికొన్ని దేశాల పరిశోధకులు కలిసి 2016లో పాఠశాలల కోసం ఒక మార్గదర్శక పత్రం ప్రచురించారు. హాస్కింగ్, లూయిస్, మార్క్ బోయ్స్ 2019లో, మనిషిని అతని గాయంతో గుర్తించే పిలుపులను మానుకోవాలని సూచించారు. పేర్లు పెట్టడం మానితే రోగం నయమవుతుందని ఎవరూ అనలేదు. పేరు పడుతుందన్న భయంతో నోరు విప్పనివాళ్లు నోరు విప్పే అవకాశం పెరుగుతుందన్నదే వాదన.

ఎవరు చేరాలి, చేరితే ఏం చేయాలి

వృత్తి సంఘాల సభ్యత్వం సాధారణంగా దరఖాస్తు, వార్షిక రుసుము, వృత్తి లేదా విద్యార్హత వివరాలతో మొదలవుతుంది. విద్యార్థులకు తక్కువ రుసుముతో ప్రత్యేక శ్రేణి ఉండడం ఆనవాయితీ. సభ్యులు వార్షిక సమావేశానికి తమ పరిశోధన సంగ్రహాన్ని పంపుతారు, తోటివారు దాన్ని పరిశీలిస్తారు, సమావేశంలో ప్రశ్నలు ఎదుర్కొంటారు. యువ పరిశోధకుడికి దీనివల్ల దొరికే పెద్ద లాభం, తన ఊళ్లో ఈ విషయం మీద పనిచేసేవారు మరొకరు లేకపోయినా, తప్పు చెప్పగల పెద్దలు దొరకడం. చికిత్స చేసేవారికి కలిగే మేలు వేరు. రోజూ ఇలాంటి బాధను చూసేవారిలో నిస్పృహ, కోపం, భయం పేరుకుంటాయి. వాటిని తోటి వృత్తివారితో పంచుకోకపోతే అవి రోగి మీద పడతాయి.

ఈ సభ్యత్వం చికిత్స చేయడానికి అనుమతిపత్రం కాదు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలి, మానసిక వైద్యుడికి వైద్య మండలి నమోదు ఉండాలి. అంతర్జాతీయ సంఘం సభ్యత్వాన్ని చూపి అర్హత లేనివారు ప్రాక్టీసు పెడితే అది రోగికి ప్రమాదం. బోర్డు మీద సభ్యత్వం చూసిన కుటుంబానికి నమోదు సంఖ్య కూడా అడిగే హక్కుంది.

స్వయంగా ఈ బాధ అనుభవించినవారికి ఇలాంటి సంఘంలో చోటుండాలా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. అనుభవం ఉన్నవారు నిష్పాక్షికంగా ఉండలేరని కొందరి సందేహం. దీనికి బలమైన జవాబు మార్షా లైనహన్ జీవితమే ఇస్తుంది. ఈ సమస్యకు అత్యధిక ఆధారమున్న చికిత్సను రూపొందించిన ఆమె, యవ్వనంలో తానే స్వీయగాయం వల్ల ఆసుపత్రిలో ఉన్నానని 2011లో బహిరంగంగా చెప్పింది. అప్పటికి ఆమె చికిత్స నియంత్రిత పరీక్షలకు నిలిచి ఇరవై ఏళ్లయింది. ఏ ప్రశ్న అడగాలో అనుభవం చెప్పింది, జవాబు నిజమో కాదో పరీక్ష చెప్పింది. రెండూ ఒకదానికొకటి అడ్డు కాలేదు. అనుభవం ఉన్నవారిని బయట ఉంచే సంఘం నిష్పాక్షికతను సాధించదు. తన ప్రశ్నలను తానే కుదించుకుంటుంది. అలాగని, వారి కథను ప్రదర్శనకు పెట్టి చప్పట్లు కొట్టడమూ న్యాయం కాదు. నిర్ణయాలు తీసుకునే చోట వారికి ఓటు ఉండాలి.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం సాక్షాత్తూ ఈ రంగంలోని పెద్దల నుంచే వచ్చింది. 2013లో నవ్ కపూర్, కీత్ హాటన్, వారి సహచరులు, ఆత్మహత్యోద్దేశం ఉన్నదీ లేనిదీ అని గాయాలను రెండుగా విడదీయడం తప్పుడు విభజన కావచ్చునని వాదించారు. ఉద్దేశం ఒక్కోసారి మిశ్రమంగా ఉంటుంది, మారుతుంది, అడిగినప్పుడు దాచబడుతుంది; ఉద్దేశం లేదని రాసేస్తే వైద్యుడు తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది. ఈ వాదనలో సత్యం ఉంది. డిప్రెషన్ ఉన్న కౌమార వయస్కుల మీద బ్రిటన్‌లో ఒకటి, అమెరికాలో ఒకటి నడిచిన చికిత్స పరీక్షల నుంచి 2011లో వచ్చిన ఫలితాలు, స్వీయగాయ చరిత్ర తరవాతి ఆత్మహత్యాయత్నాన్ని బలంగా సూచిస్తున్నదని చూపాయి. అయితే గమనించాల్సింది ఒకటుంది: రెండింటినీ వేరుగా కొలిచినందువల్లే వాటి మధ్య బంధం ఎంత గట్టిదో తెలిసింది. విభజన కొలవడానికి కావాలి, నిర్లక్ష్యానికి సాకు కాకూడదు. ప్రతి సందర్భంలోనూ ఉద్దేశం గురించి కొత్తగా అడగాలన్న నియమం పాటిస్తే రెండు వాదనలూ కలుస్తాయి. భిన్నాభిప్రాయాలున్న ఈ రెండు పక్షాలు ఒకే సభలో తలపడగలగడం సంఘం ఉండడానికి మరో కారణం.

రెండో అభ్యంతరం, మాట్లాడితే పిల్లలకు నేర్పినట్టవుతుందన్న భయం. ఇందులో సగం నిజం. గాయాలనూ పద్ధతులనూ వివరంగా చూపించే చిత్రాలు, కథనాలు హాని చేయగలవు; అందుకే బాధ్యత గల పరిశోధకులు వాటిని బహిరంగ వేదికల మీద పెట్టరు. మిగతా సగం మాత్రం భయమే. మాడెలిన్ గూల్డ్ బృందం అమెరికా హైస్కూలు విద్యార్థుల మీద చేసి 2005లో ప్రచురించిన పరీక్షలో, ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగినందువల్ల విద్యార్థుల్లో వ్యాకులత గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. ఆప్యాయంగా అడగడం నేర్పడం కాదు. అడగకపోతే ఆ పిల్లలు ఒంటరిగా మిగిలిపోతారు.

మూడో అభ్యంతరం ఇది పాశ్చాత్య సంఘం, పాశ్చాత్య సమస్య అన్నది. సమస్య పాశ్చాత్యం కాదు. బెంగళూరు కాలేజీ విద్యార్థుల్లోనూ అధ్యయనాలు దీన్ని నమోదు చేశాయి. పరిశోధనలో అధిక భాగం ఉత్తర అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చిందన్నది మాత్రం నిజం. డాలర్లలో రుసుము, వీసా, విమాన ఖర్చు మన విద్యార్థికి అడ్డంకులే. దీనికి పరిష్కారం దూరంగా ఉండడం కాదు. మనవాళ్లు లేని సభలో మన గురించి ఎవరూ ప్రశ్నించరు, మన అంకెలు ఎవరి లెక్కల్లోకీ ఎక్కవు.

తెలుగు నేల మీద దీని అవసరం

తెలుగు రాష్ట్రాల క్యాజువాలిటీల్లో తనకు తాను హాని చేసుకున్న కేసు అనగానే వైద్యులకు ముందు గుర్తొచ్చేది పురుగుమందు. అది ప్రాణాంతకం, దానికి చర్య తక్షణం కావాలి. ఆ తీవ్రత ముందు చిన్న గాయాలు కనబడకుండా పోతాయి. పైగా ఏళ్ల తరబడి ఇలాంటి ప్రతి కేసూ పోలీసు కేసు అవుతుందన్న భయం కుటుంబాలను ఆసుపత్రి గడప తొక్కనివ్వలేదు. 2018 మే నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారని భావించాలనీ, వారిని శిక్షించరాదనీ చెప్పింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమలుతో, ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ పోయింది. ప్రభుత్వోద్యోగిని తన విధి విషయంలో బలవంతపెట్టడానికో అడ్డుకోవడానికో చేసే ఆత్మహత్యాయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. చట్టం మారినంత వేగంగా మనసులు మారలేదు. మానసిక ఆసుపత్రిని ఉద్దేశించి ‘ఎర్రగడ్డకు పంపాలి’ అనే మాట ఇప్పటికీ తిట్టుగా చెలామణి అవుతున్న చోట, పదహారేళ్ల అమ్మాయి తన చేతి గాయం గురించి ఎవరికి చెప్పుకుంటుంది? 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరు మీద తెలుగులోనూ ఉచితంగా మాట్లాడుతుంది. తనను తాను గాయపరచుకుంటున్నవారు, వారి తల్లిదండ్రులు, టీచర్లు ఎవరైనా దానికి ఫోను చేయవచ్చు.

ఆశ పెట్టుకోవడానికి ఆధారమూ ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో విద్యార్థులను కౌమారం నుంచి యవ్వనం దాకా వెంబడించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, కౌమారంలో దాదాపు 8 శాతం తమకు తాము హాని చేసుకున్నట్టు చెప్పారు. వారిలో సుమారు 90 శాతం యవ్వనానికి వచ్చేసరికి మానేశారు. అయినా వారిలో డిప్రెషన్, ఆందోళన పాళ్లు తక్కువేమీ కాదు గనుక, వాటంతట అవే పోతాయని చేతులు ముడుచుకోవడం తగదు. ఈ ఫలితం తెలుగు పిల్లలకూ వర్తిస్తుందా అన్నది తెలుగు పిల్లలను అలాగే ఏళ్ల తరబడి వెంబడించినప్పుడే తేలుతుంది. ఆ పని చేయడానికి వైజాగ్‌లోనో వరంగల్‌లోనో హైదరాబాదులోనో ఉన్న యువ మనస్తత్వ నిపుణులకు కావలసినవి పరీక్షకు నిలిచిన ప్రశ్నాపత్రం, దాన్ని తెలుగులో మళ్లీ నిర్ధారించుకునే ఓపిక, తప్పులు దిద్దే తోటివారు. మొదటిదీ మూడోదీ సంఘం ఇస్తుంది. రెండోది సభ్యుడు తనతో తెచ్చుకోవాలి. చేరినవారు అక్కడి జ్ఞానాన్ని ఇక్కడి క్యాజువాలిటీకీ, క్లాసురూముకీ చేర్చి, ఇక్కడి సాక్ష్యాన్ని అక్కడి లెక్కల్లోకి ఎక్కించినప్పుడే ఆ సభ్యత్వం సార్థకం. రుసుము కట్టి రసీదు దాచుకునేవారు ఎంతమంది చేరినా, గాయాన్ని దాచుకునే పిల్లలకు ఒరిగేదేమీ లేదు.